అమ్మాయి సొరారిటీలో చేరతానంటోంది, ఒప్పుకోవాలా వద్దా?

ఫ్రిస్కో అమ్మ:
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయి ఈ ఆగస్టులో దక్షిణాదిలో ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో చేరుతోంది. క్లాసులకు పది రోజుల ముందే వెళ్లాలంటోంది, రష్ ఉంటుందట, అంటే సొరారిటీలు (ఆడపిల్లల సంఘాలు) కొత్త సభ్యుల్ని ఎంచుకునే వారం. ఏ రోజు ఏ డ్రెస్ వేసుకోవాలో, ఏ ఇంటివాళ్లు, అంటే ఏ సొరారిటీవాళ్లు, ఏ సేవాసంస్థకు విరాళాలు పోగు చేస్తారో అంతా ఒక షీటులో రాసుకుంది. "డబ్బు కట్టి స్నేహితుల్ని కొనుక్కోవడమేమిటి?" అని మావారు అదే మాట మీద ఉన్నారు. నాకేమో మా హాస్టల్లో మొదటి సంవత్సరం గుర్తొస్తోంది. రాత్రి పదకొండుకు సీనియర్లు తలుపు కొడితే చున్నీ సర్దుకుని వరుసలో నిలబడేవాళ్లం. వీడియోల్లో కనిపించే ఆ ఒక్క వారం సంగతి కాదు, ఏడాది పొడుగునా లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

ఎన్నారై నాన్న:
నన్నడిగితే వద్దండీ. ర్యాగింగ్ మీద మన ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు పెట్టింది. అక్కడ అంత కష్టపడి వదిలించుకుంటున్న దాన్ని ఇక్కడ ఫీజు కట్టి మరీ తెచ్చుకోవాలా? 2017లో పెన్ స్టేట్‌లో టిమ్ పియాజా అనే 19 ఏళ్ల కుర్రాడు ఫ్రాటర్నిటీలో చేరిన రాత్రే తాగించగా మెట్ల మీంచి పడి, తర్వాత చనిపోయాడు. అది మగపిల్లల సంఘం, నిజమే. కానీ ఆ వ్యవస్థ అంతా ఒకటే కదా. ఇంకో మాట. 2013లో అలబామా యూనివర్సిటీ విద్యార్థుల పత్రిక క్రిమ్సన్ వైట్ బయటపెట్టింది, మంచి మార్కులున్న నల్లజాతి అమ్మాయిని సొరారిటీల్లో పూర్వ సభ్యులు అడ్డుపడి చేర్చుకోనివ్వలేదని. యూనివర్సిటీ ప్రెసిడెంట్ జూడీ బానర్ కల్పించుకుని చేర్పులు మళ్లీ తెరిపించాల్సి వచ్చింది. 2013 అంటే మొన్ననే. రంగు చూసి తలుపు తీసేవాళ్ల ఇంటికి మన పిల్ల తయారై వెళ్లి నిలబడటం నాకు మింగుడుపడదు.

మాజీ ట్రెజరర్:
అక్కా, నేను మిడ్‌వెస్ట్‌లో చదివాను. మూడున్నరేళ్లు సొరారిటీలో ఉన్నాను, అందులో ఒక ఏడాది ట్రెజరర్‌ని. మా అమ్మానాన్నలది ఖమ్మం. ఏడాది అడిగారు కాబట్టి ఏడాదే చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మొదటి ఏడాది తలుపు బయట నిలబడ్డాను. రెండో ఏడాది ఆగస్టులో అదే తలుపు లోపల ఉన్నాను. రష్‌కు వారం ముందే సభ్యులందరూ వచ్చేయాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా పాటలు, చప్పట్లు, మాట్లాడటం ప్రాక్టీసు. ఒక అమ్మాయితో నేను మాట్లాడుతుంటాను, కొన్ని నిమిషాలకు ఇంకో సభ్యురాలు వచ్చి నా భుజం మీద చెయ్యేస్తుంది, నేను తప్పుకోవాలి. దాన్ని బంప్ అంటారు. అమ్మాయి వెళ్లగానే ఫోన్లో ఆమెకు మార్కులు వేయాలి. ఊరేది, నాన్నేం చేస్తారు, కుక్క పేరేమిటి అని మాట్లాడి మనిషికి మార్కులు! ఒక సాయంత్రం ఒక చైనీస్ అమ్మాయి భయంతో సరిగ్గా మాట్లాడలేకపోయింది. నేను మంచి మార్కులే వేశాను, సరిపోలేదు. మర్నాడు లిస్టులో ఆమె పేరు లేదు. ఎన్నారై నాన్నగారూ, మీరన్నది నిజం. ఆ తలుపు దగ్గర జరిగేది న్యాయం కాదు. ఆ పని నేనూ చేశాను, అందుకే చెప్పగలుగుతున్నాను.

అయితే బిడ్ డే, అంటే ఎవరికి ఏ ఇంటి నుంచి పిలుపు (బిడ్) వచ్చిందో తెలిసే రోజు, అయ్యాక మిగతా పదకొండు నెలలు వేరే లోకం. ఆదివారం సాయంత్రం చాప్టర్ (మా కాలేజీలోని శాఖ) మీటింగ్, రాకపోతే జరిమానా. మార్కులు ఒక గీత కిందికి దిగితే లైబ్రరీలో వారానికిన్ని గంటలు సంతకం పెట్టి కూర్చోవాలి. అక్టోబరులో కొత్తవాళ్లకు 'బిగ్'ని ఇస్తారు, అంటే ఒక అక్క. తర్వాత ఇనిషియేషన్, అంటే పూర్తి సభ్యులుగా చేర్చుకునే వేడుక. అందులో ఏముందో బయట చెప్పకూడదు కాబట్టి చెప్పను, భయపడాల్సింది మాత్రం మా దగ్గర ఏమీ లేదు. నవంబరులో ఎన్నికలు. నేను ట్రెజరర్‌గా నిలబడ్డది అకౌంటింగ్ మేజర్ కాబట్టే.

డబ్బు సంగతి అప్పుడు తెలిసింది. స్నేహం కొనుక్కోవడం అంటారు గానీ, లెక్కలు నా చేతిలోకి వచ్చాక చూస్తే నేషనల్ ఆఫీసుకు కొంత, ఇన్సూరెన్సుకు కొంత, వంటావిడ జీతం, ఇంటి కప్పు మరమ్మతు, ఇలా పోయేది. అసలు భారం ఫీజు కాదు. టీషర్టులు, ఫార్మల్ అనే పెద్ద పార్టీకి డ్రెస్, బిగ్ అయితే లిటిల్‌కి, అంటే తన చెల్లికి, కొనే బుట్టెడు బహుమతులు, ఇవేవీ ఏ కాగితం మీదా ఉండవు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి లాండ్రీ గదిలో ఉన్నాను. రెండో ఏడాది అమ్మాయి ఒకతె వచ్చి డ్రయ్యర్ మీదెక్కి కూర్చుంది. తిరుగుతున్న బట్టలనే చూస్తూ, "మా నాన్న ఉద్యోగం పోయింది, నన్ను తీసేయండి" అంది. రెండు వాయిదాలు తప్పితే సభ్యత్వం ఆపేయాలని మా రూలు. మర్నాడు ఆఫీసర్లం ఎనిమిది మందిమి కూర్చున్నాం. ఫార్మల్‌కి పెద్ద హాలు వద్దనుకుని ఇంట్లోనే చేసుకుందామని, ఆ మిగిలిన డబ్బుతో సాయనిధి పెడదామని ఓటు వేశాం. ఇద్దరు వ్యతిరేకించారు, గట్టిగానే. ఆ వసంతంలోనే ఇంకో అమ్మాయి వాళ్లమ్మ పోతే ముప్పై మందిమి ఏడు కార్లలో నాలుగు గంటలు వెళ్లాం. ఆ చర్చిలో వెనక రెండు వరుసలు మావే.

పంతొమ్మిదేళ్లకు ఇంటి బడ్జెట్ మీద పోట్లాడటం, ఓడిపోయిన వాళ్లతో మళ్లీ ఒకే బల్ల మీద అన్నం తినడం నాకు ఇంకెక్కడా దొరికేది కాదు. అందుకే పంపించండి అంటాను. కానీ అడగాల్సినవి అడిగి పంపించండి.

ప్రమాదం ఎక్కడుందో కూడా చెప్తాను. చాలా సొరారిటీ ఇళ్లలో మందు నిషిద్ధం. వినడానికి బాగుంటుంది. దానివల్ల పార్టీలన్నీ మగపిల్లల ఇళ్లలో జరుగుతాయి, తలుపు వాళ్లది, గ్లాసులో ఏం పోస్తారో వాళ్లిష్టం. తిరిగొచ్చేటప్పుడు ఎవరు డ్రైవ్ చేస్తారో, ఎవరు తాగకుండా ఉంటారో చాప్టర్‌లో రాతపూర్వకంగా ఉందో లేదో కనుక్కోండి.

ఎన్నారై నాన్న:
మీరు ఒప్పుకున్నందుకు గౌరవం పెరిగిందమ్మా. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. సాయనిధి మంచిదే, కారులో వెళ్లడం మంచిదే. వాటికి పది నిమిషాల మార్కులెందుకు? తెలుగు అసోసియేషన్‌లోనో గుడిలోనో పిల్లలు బతుకమ్మ పేర్చేటప్పుడు మార్కులు వేసి ఎవర్నీ వెనక్కి పంపరు.

బిడ్ రాని అమ్మాయి:
నాకు మూడో రోజు పొద్దున ఏడున్నరకు ఫోన్ వచ్చింది. మమ్మల్ని వెంటబెట్టుకుని తిప్పే సీనియర్ చేసింది. "ఈ రోజు నీకు ఇళ్లేవీ లేవు" అని చెప్పి తనే ఏడ్చింది. అంతకు ముందు రోజు ఒకే ఇంట్లో ముగ్గురు నా పేరు మూడు రకాలుగా పలికారు. మా రూమ్మేట్ అద్దం ముందు తయారవుతోంది. నేను దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను. రెండేళ్లయింది, ఇప్పుడు బాగానే ఉన్నాను. అమ్మలు ఆ రోజు ఫోన్ ఎత్తేలా ఉంటే చాలు. మా అమ్మ మీటింగ్‌లో ఉంది.

హ్యూస్టన్ అమ్మాయి:
దక్షిణాసియా సొరారిటీల సంగతి ఎవరూ ఎత్తలేదు. 1998లోనే మూడు పుట్టాయి: మా హ్యూస్టన్ యూనివర్సిటీలో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో. నేను అలాంటిదాన్లోనే ఉన్నాను. పెద్ద ఇల్లు లేదు, వంటావిడ లేదు, ఫీజు తక్కువ. మా లైన్‌లో ఐదుగురం. లైన్ అంటే ఆ సెమిస్టర్‌లో కలిసి చేరినవాళ్లు. చేరినట్టు కొన్ని వారాలు ఎవరికీ చెప్పం, చివర్లో ముఖాలకు మాస్కులు వేసుకుని కాంపస్ మధ్యలో షో చేసి, ఒక్కొక్కరం మాస్కు తీసి పేరు చెప్తాం. మా అమ్మ మొదటి వరుసలో కూర్చుని చూసింది.

అలాగని ఇది సులువనుకోకండి. మొత్తం చాప్టర్ పదకొండు మందిమి. ఒక్కొక్కరికి రెండు పదవులు. చేరిన ఆ సెమిస్టర్‌లో నాకు ఆర్గానిక్ కెమిస్ట్రీలో సీ గ్రేడు వచ్చింది, నిద్ర లేక. నా పేరు ఎవరూ తప్పు పలకలేదు, అది నిజం. అయితే మార్కులు పోయిన మాట కూడా నిజం.

మాజీ ట్రెజరర్:
ఎన్నారై నాన్నగారూ, ఇదంతా ఎలా మొదలైందో చూడండి. ఇండియానా అస్బరీ కాలేజీ 1867లో ఆడపిల్లల్ని చేర్చుకుంది. మగపిల్లల సంఘంవాళ్లు బెట్టీ లాక్‌ని సభ్యురాలిగా ఒప్పుకోకుండా బ్యాడ్జి మాత్రం పెట్టుకోమన్నారట. ఆమె కాదని 1870లో ఇంకో ముగ్గురితో కలిసి కప్పా ఆల్ఫా తీటా అనే సొరారిటీ పెట్టింది. తమను రానివ్వని తలుపు బయట నిలబడ్డవాళ్లు కట్టిన ఇల్లు ఇది. అదే ఇంట్లోకి తర్వాత వాళ్లు ఇంకొకర్ని రానివ్వలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. హార్వర్డ్ 2016లో ఇలాంటి సంఘాల సభ్యుల మీద ఆంక్షలు పెట్టింది. 2018లో సొరారిటీలు కోర్టుకెళ్లాయి, 2020లో హార్వర్డే వెనక్కి తగ్గింది. బయటి నుంచి మూయించడం కుదిరేలా లేదు. లోపలికి మనలాంటి పిల్లలు వెళ్లి, ఓటు వేసే గదిలో కూర్చుంటే ఆ మార్కుల పద్ధతి మీద చెయ్యెత్తే వాళ్లైనా ఉంటారు. నేను రెండేళ్లు ఎత్తాను. రెండో ఏడాది కుటుంబం గురించిన ప్రశ్నలు తీసేశారు.

ఫ్రిస్కో అమ్మ:
అందరికీ థాంక్స్ అండీ. బిడ్ రాని అమ్మాయీ, నీ మాట చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. రాత్రి నేనూ అమ్మాయీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. 2024 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం హేజింగ్ (ఇక్కడి ర్యాగింగ్) కేసుల రిపోర్టు కాలేజీ బయటపెట్టాలని తెలిసి, ఆ పేజీ వెతికాం. తను ఇష్టపడ్డ ఇళ్లలో ఒకదాని పేరు అందులో ఉంది. ఏమీ అనకుండా తన షీటులో ఆ వరుస ఎర్రగా చేసింది. ఫీజులో సగం తను వేసవిలో ట్యూషన్లు చెప్పి ఇస్తానంది. మావారు ఇంకా ఒప్పుకోలేదు. రష్ వారమంతా నేను అక్కడే హోటల్లో ఉంటాను, ఫోన్ చేతిలోనే ఉంటుంది. ట్రెజరర్ అమ్మాయ్, ఇంకేమైనా చూడాలా?

మాజీ ట్రెజరర్:
రెండో ఏడాది తప్పనిసరిగా చాప్టర్ ఇంట్లోనే ఉండాలనే షరతు చాలా చోట్ల ఉంటుంది, అక్కా. మొదటి సంతకంతోనే ఒప్పుకున్నట్టు అవుతుంది. తర్వాత అపార్ట్‌మెంట్ తీసుకుంటే రెండు అద్దెలు కట్టాలి. సంతకానికి ముందు ఆ కాగితం మీకు ఫొటో తీసి పంపమనండి. అర్థం కాకపోతే నాకు పంపండి, ఎంత రాత్రయినా చూస్తాను.