కొండ కింద ఇళ్లలో రాత్రిపూట కుక్క గిన్నె బయట ఉంచొచ్చా?

గుండు వాళ్ల నాన్న:
మాది తిరుపతిలో కొండను ఆనుకున్న వీధి. మెట్ల కింద ఒక నాటుకుక్క ఉంటుంది, పేరు గుండు. రాత్రి తొమ్మిదింటికి సత్తు గిన్నెలో పెరుగన్నం పెట్టేసి పడుకుంటాం. దానికి బుద్ధి పుట్టినప్పుడు తింటుంది. పోయిన వారం తెల్లారి లేచి చూస్తే గిన్నె వీధి చివర కంపచెట్ల దగ్గర ఉంది. పందికొక్కులో, అడవిపందులో తెలియదు. అప్పటినుంచి పక్కింటి పెద్దాయన ఒకటే గొడవ, "మీ గిన్నె వల్లే ఏదో ఒకరోజు చిరుత దిగుతుంది, రాత్రి తిండి ఆపేయండి" అని. మా ఆవిడేమో వాకిట్లో మూగజీవాన్ని పస్తు పెట్టనంటోంది. నేను మధ్యలో నలుగుతున్నాను. ఎవరిది న్యాయం?

ఏడో మైలు:
పెద్దాయనదే. ఇందులో అడగడానికేముంది అన్నా? 2023 మర్చిపోయామా? జూన్‌లో అలిపిరి మెట్లదారిలో చిన్న పిల్లాడిని చిరుత ఎత్తుకెళ్లింది, బతికి బయటపడ్డాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. ఆ తర్వాతే కదా భక్తుల చేతికి కర్రలిచ్చింది, బోన్లు పెట్టి ఒకదాని వెనక ఒకటి చిరుతల్ని పట్టింది. అంత జరిగాక కూడా వాకిట్లో విందు పెడతామంటే ఎలా? కుక్క ఒక పూట తినకపోతే చావదు.

చెరకుతోట:
చిరుత మీ పెరుగన్నం కోసం రాదండి, కుక్క కోసం వస్తుంది. మహారాష్ట్ర అహ్మద్‌నగర్ జిల్లాలో, అడవి లేని చెరకు తోటల మధ్య తిరిగే చిరుతల మలం ఏరి పరీక్షించారు. అవి తిన్న మాంసంలో బరువు లెక్కన 39 శాతం కుక్కలదే. మేకలు, ఆవులు దాని తర్వాతే. గిన్నె తీసేసి కుక్కను మాత్రం మెట్ల కిందే వదిలేస్తే మారేదేమీ లేదు. గొలుసు వేసి కడితే ఇంకా అన్యాయం, పారిపోయే దారి కూడా ఉండదు. రాత్రి కుక్క ఎక్కడ పడుకుంటోంది, అది చెప్పండి ముందు.

ఏడో మైలు:
అంటే గిన్నె వల్ల ఏమీ కాదంటారా? ఊరికే గొలుసు మీదికి తోశారు.

చెరకుతోట:
అలా అనలేదు. గిన్నెకు ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనక పాములు వస్తాయి. మిగిలిన అన్నానికి వీధికుక్కలు గుంపు కడతాయి, పందులు దిగుతాయి. ఆ రెండూ చిరుతకు తిండే. గిన్నె పిలిచేది వాటిని, అవి పిలిచేది చిరుతను. అందుకే గిన్నె తీయాలి, కుక్కనూ లోపల పడుకోబెట్టాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే లాభం లేదు.

మామిడితోట రైతు:
ఇంత చర్చ ఎందుకు సామీ. అన్నంలో నాలుగు గుళికలు కలిపి గోడ అవతల పెట్టండి. మూడు రోజుల్లో పందికొక్కులూ ఉండవు, పందులూ ఉండవు.

వీధికుక్కల అక్క:
ఈ మాట మాత్రం ఎవరూ వినకండి, దండం పెడతాను. విషం ఎవరి నోట్లోకి పోతుందో మన చేతిలో ఉండదు. గుండే తినొచ్చు. చచ్చిన ఎలుకను పిల్లి తింటుంది, గుడ్లగూబ తింటుంది. ఎలుకల్ని పట్టేవాటినే చంపుకున్నట్టు అవుతుంది. పైగా అడవి జంతువుకు విషం పెట్టడం నేరం. మిరప్పొడి చల్లమనేవాళ్లూ ఉంటారు, దాంతో మండేది కుక్క ముక్కే.
నేను వీధికుక్కలకు తిండి పెట్టేదాన్నే. అయినా వీధి మధ్యలో పెట్టి వెళ్లిపోవడం తప్పే అంటాను. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా వీధుల్లో పెట్టొద్దు, ప్రతి వార్డులో అందుకు వేరే చోటు చూపించమని మున్సిపాలిటీలకు చెప్పింది. అది వీధికుక్కల సంగతనుకోండి, మీ గుండుకు వర్తించదు. కానీ పద్ధతి ఒకటే. పగటిపూట పెట్టు, తినేదాకా నిలబడు, మిగిలింది ఎత్తేయ్. గిన్నె కింద పళ్లెంలో నీళ్లు పోస్తే చీమలు ఆగుతాయి, అంతకన్నా పెద్దవి ఏవీ ఆగవు.

న్యూజెర్సీ కోడలు:
మా దగ్గర ఇదే గొడవ ఎలుగుబంట్లతో. పెరట్లో పిల్లికి గిన్నె పెడితే మొదట రకూన్ అని పిల్లి కన్నా కాస్త పెద్ద జంతువు వస్తుంది, మూత ఉన్నా చేతులతో తీసేస్తుంది. నల్ల ఎలుగుకు కావాలని తిండి పెడితే ఇక్కడ వెయ్యి డాలర్ల దాకా జరిమానా. తెలియక పెట్టామన్నా, ఒకసారి హెచ్చరించాక కుదరదు. మా అత్తగారు వచ్చిన కొత్తలో కాకికి పెట్టినట్టు డెక్ మీద అన్నం పెట్టేవారు. ఆవిడకు నచ్చజెప్పడం ఎలుగును తరమడం కన్నా కష్టమైంది.

పశువుల డాక్టర్:
ఒక్క మాట. భయం అంతా అడవి నుంచి మనకు వచ్చేదాని గురించే మాట్లాడుతున్నారు. మన కుక్కల నుంచి అడవికి పోయేదీ ఉంది. 2018లో గిర్‌లో 20కి పైగా సింహాలు చనిపోయాయి, వాటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ దొరికింది. ఒకే గిన్నెలో రెండు మూతులు పెట్టడం అటువాళ్లకూ మంచిది కాదు. రేబిస్, డిస్టెంపర్ టీకాలు వేయించారా గుండుకు? ఎలుకలు తిరిగిన గిన్నె అయితే వాటి మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు కూడా రావచ్చు, రోజూ సబ్బుతో కడగండి.

గుండు వాళ్ల నాన్న:
రేబిస్ వేయించాం, రెండోది లేదు. ఈ ఆదివారం తీసుకెళ్తాను డాక్టర్ గారూ.
మీరంతా చెప్పాక తిండి సాయంత్రం ఆరింటికి మార్చాను. 20 నిమిషాలు చూసి గిన్నె ఎత్తేశాను. మొదటి రెండు రోజులు వాసన చూసి అలిగి పోయింది. మా ఆవిడ నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఐదున్నరకే గిన్నె దగ్గర కూర్చుంది. రాత్రి స్కూటర్ పెట్టే గదిలో పడుకుంటోంది, తలుపుకు మెష్ కొట్టించాను.
ఇంకొకటి. మొన్న గిన్నె దొరికిన చోటికి మళ్లీ వెళ్లి చూశాను. ఆ కంపచెట్ల వెనకే కోడి ఈకలు, పేగులు గుట్టగా ఉన్నాయి. వీధి చివర చికెన్ కొట్టు వాళ్లు రాత్రి అక్కడే పారేస్తున్నారట.

ఏడో మైలు:
చూశారా! అయితే మీ గిన్నెది తప్పు కాదంటావా అన్నా ఇప్పుడు?

గుండు వాళ్ల నాన్న:
గిన్నెది కొంత, గుట్టది చాలా. ఆ కొట్టు పెద్దాయన అల్లుడిది. రేపు ఆయనతో మాట్లాడాలి, అదే ఇప్పుడు టెన్షన్.