మెల్‌బోర్న్ ఫిట్జ్‌రాయ్ తిరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండి?

నమస్తే అండి, మాది వైజాగ్ ఎంవీపీ కాలనీ. జులైలో అమ్మా నేనూ మెల్‌బోర్న్‌లో అక్క వాళ్ళింటికి వెళ్తున్నాం, అక్కా బావగారూ ఇద్దరూ డ్యూటీలకి పోతారు కాబట్టి ఒకరోజు మేమిద్దరమే ఫిట్జ్‌రాయ్ వెళ్ళి గోడల మీద బొమ్మలు చూద్దామనుకుంటున్నాం. నేను ఏయూలో ఫైన్ ఆర్ట్స్ చదివా, పక్కనే కాలింగ్‌వుడ్ జాన్‌స్టన్ స్ట్రీట్‌లో అమెరికన్ చిత్రకారుడు కీత్ హేరింగ్ 1984లో తన చేత్తో బొమ్మలు వేసిన పెద్ద గోడ ఉంది కదా, అది దగ్గరగా నిలబడి చూడాలని కాలేజీ రోజుల నుంచీ కోరిక. ఆయన 1990లోనే పోయారు, 31 ఏళ్ళకే.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. బ్రన్స్‌విక్ స్ట్రీట్ మీద వెళ్ళే 11 నంబర్ ట్రామ్ ఎక్కాలా, స్మిత్ స్ట్రీట్ మీద వెళ్ళే 86 ఎక్కితే ఆ గోడకి దగ్గరా? మధ్యలో కూర్చోడానికి బెంచీలుంటాయా? రోజ్ స్ట్రీట్ మార్కెట్ శని ఆదివారాలే కదా, మామూలు రోజు వెళ్తే వీధులు మరీ బోసిగా ఉంటాయా? అప్పుడక్కడ చలికాలం, అయిదున్నరకల్లా చీకటి పడిపోతుందంట, అమ్మతో ఆ సందుల్లో తిరగడం పర్వాలేదా? ఎవరైనా బొమ్మ వేస్తుంటే అడిగి ఫొటో తీసుకోవచ్చా? అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా తినదు, ఆవిడకి అక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.