సమస్యాపూరణం: చీర కట్టె మగఁడు చెలువు మీఱ

ఈ వారం సమస్య ఇది:

చీర కట్టె మగఁడు చెలువు మీఱ

ఛందస్సు ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం, పై మూడూ మీరు పూరించాలి. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. విషయం: దసరా సేల్‌కి ఇష్టం లేకుండానే బట్టలు కొనడానికి వెళ్లినవాడు. మన విశాఖలోనే జరగాలి.

పూరణలు చూశాను. చాలామంది నాటకం వైపు వెళ్లిపోయారు. రంగస్థల నటుడు స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం కట్టారు కాబట్టి మగవాడు చీర కట్టాడనడంలో వింత లేదన్నారు. సమస్య విడిపోయిన మాట నిజమే, కానీ సేల్ ఎక్కడ? అక్కడికి కాళ్లీడ్చుకుంటూ వెళ్లిన మనిషి ఎక్కడ? ఆ పూరణలు పక్కన పెట్టి, మాట్లాడుకోదగ్గ మూడింటిని ఇక్కడ ఇస్తున్నాను.

గాజువాక సభ్యుడి పూరణ:

కొనను పొమ్మటంచుఁ గూర్చున్న పతి ముందు
కొంగు జరియుఁ జూపఁ గోరి యపుడు
కొట్టులోన నున్న కుఱ్ఱాఁడు తనపైన
చీర కట్టె మగఁడు చెలువు మీఱ

చదవగానే మనసు నిండిపోయింది. జగదాంబ జంక్షన్ షాపుల్లో రోజూ కనపడే దృశ్యమే. భార్య చీరలు చూస్తూ ఉంటుంది, భర్త ఓ మూల స్టూలు మీద ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. బేరం జారిపోతుందనిపించగానే సేల్స్ కుర్రాడు చీర మడత విప్పి, గబగబా కుచ్చిళ్లు పోసి, ప్యాంటూ చొక్కా మీదే నడుముకి చుట్టుకుని, కొంగు భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడతాడు. అంచు ఎలా పడుతుందో, బుటాలు ఎక్కడికొస్తాయో అప్పుడు తెలుస్తుంది. సాయంత్రానికి అలా ఎన్ని చీరలు కట్టి విప్పుతాడో! ఎవరూ నవ్వరు, అతనూ సిగ్గుపడడు. ఈ కవి అతన్ని చూసి పద్యంలోకి తెచ్చాడు.

యతులు, అంటే పాదం మొదటి అక్షరానికీ మధ్యలో యతి చోట వచ్చే అక్షరానికీ పొంతన, మూడు పాదాల్లోనూ చక్కగా కుదిరాయి: కొ–గూ, కొ–గో, కొ–కు. చిక్కల్లా మూడో పాదంలోనే. 'కుఱ్ఱాఁడు' ఒక కర్త, 'మగఁడు' ఇంకో కర్త. కట్టింది ఒక్కడే అయినప్పుడు ఇద్దరెందుకు? పైగా మొదటి పాదంలో 'పతి' ఉన్నాడు కాబట్టి, చదివేవాళ్లు మగడంటే ఆయనే అనుకునే ప్రమాదం ఉంది.

గాజువాక సభ్యుడు: నిజమే మాస్టారూ. ఇలా మారిస్తే సరిపోతుందా?

కొట్టులోన నున్న కొలువు కాపాడంగ

సరిపోవడమేమిటి నాయనా, పద్యం ఒక మెట్టు పైకెక్కింది! ముందు దృశ్యమే ఉంది, ఇప్పుడు కారణం కూడా వచ్చింది. పండగ సేల్‌లో అమ్మకం చూపించకపోతే ఆ కుర్రాడికి మాట పడుతుంది. కొననని భీష్మించుకున్న పతికి, కొనిపించక తప్పని ఈ మగడికి మధ్య ఆ చీర నిలబడింది. పతితో వచ్చిన తికమక కూడా పోయింది, కొట్టులో కొలువు చేసేది ఆయన కాదు కదా.

ఎం.వి.పి. కాలనీ సభ్యురాలి పూరణ:

చేయి విఱిగినట్టి చెలి కోరకున్నను
సేలులోనఁ దెచ్చి చిత్తమలర
కుచ్చెలెల్ల మడిచి కూర్చి పండుగ నాఁడు
చీర కట్టె మగఁడు చెలువు మీఱ

అక్కయ్యగారూ, చీర కట్టింది తనకి కాదు, చెయ్యి విరిగిన భార్యకి అన్న విరుపు ఎంతో బాగుంది. కుచ్చెలు మడిచి కూర్చడం చదువుతుంటే ఆ వేళ్లు కనపడుతున్నాయి.

సీతమ్మధార సభ్యుడు: రెండో పాదంలో సే–చి యతి చెల్లుతుందా అండీ?

చెల్లుతుంది. చ ఛ జ ఝ లకు శ ష స లతో యతి ఉంది, ఏ–ఇ స్వరమైత్రీ ఉంది. నా అభ్యంతరం యతి గురించి కాదు. 'చిత్తమలర' అన్నది గణాలు (పాదంలో ఉండాల్సిన అక్షరాల గుంపులు) నింపడానికే వచ్చింది. మన విషయం ఇష్టం లేకుండా వెళ్లినవాడు, ఆ ఇబ్బంది ఈ పద్యంలో ఎక్కడా లేదు. 'సేలులోనఁ దెచ్చి సిగ్గు పడక' అని చూడండి. ఆడవాళ్ల మధ్య ఒంటరిగా నిలబడి చీర ఎంచుకున్న మనిషి ఆ రెండు మాటల్లో కనపడతాడు.

ఎం.వి.పి. కాలనీ సభ్యురాలు: మార్చేశానండీ. మా ఇంట్లో చదివి వినిపిస్తే ఆయన మాట్లాడకుండా కాఫీ పెట్టి తెచ్చారు.

పాతనగరం సభ్యుడి పూరణ:

బురుజుపేటలోనఁ బూజారి భక్తితోఁ
గనకలక్ష్మి తల్లికని మురియుచు
సేలులోనఁ గొన్న మేలైన పట్టుదౌ
చీర కట్టె మగఁడు చెలువు మీఱ

మూడో పాదంలో సే–మే యతి తప్పిందని ఇద్దరు ముగ్గురు రాశారు. తప్పలేదు. సేలు–మేలై: రెండుచోట్లా మొదటి అక్షరం గురువు (సాగదీసి పలికేది), రెండో అక్షరం లకారం. ఇది ప్రాసయతి. ఆటవెలదిలో యతికి బదులు వాడుకోవచ్చు.

లోటు వేరే ఉంది. పూజారి, మగడు అని మళ్లీ ఇద్దరు కర్తలు వచ్చారు. అదీగాక బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర విశేషమే వేరు. పైకప్పు లేని చోట అమ్మ కొలువై ఉంటే భక్తులే దగ్గరికెళ్లి పాలు పోసి, పసుపు కుంకుమలతో స్వయంగా పూజించుకుంటారు. ఆ గుడినే ఎంచుకుని మధ్యలో పూజారిని పెట్టడం ఎందుకు? 'బూజించి భక్తితోఁ' అంటే గణం చెడదు, కర్త ఒక్కడవుతాడు. అయినా కొనడానికి మనసొప్పనివాడు ఈ పద్యంలోకి రాలేదు కాబట్టి దీన్ని మూడో స్థానంలోనే ఉంచుతున్నాను.

మొదటి స్థానం గాజువాక పూరణకే, సవరించిన పాదంతో.

వచ్చే వారానికి, ఇదే ఛందస్సులో, ఇదీ నాలుగో పాదమే:

తగ్గు ధరయె పెంచుఁ దలకు బరువు