యూఎస్ఎస్ నియోషో కవరు: ఇది కోరల్ సీలో మునిగిన ట్యాంకర్‌దేనా?

ప్రశ్న:
ఒక కవరు మీద ఎడమ పైమూల పంపినవాడి పేరు, "ఎస్2సి" అన్న హోదా, యూఎస్ఎస్ నియోషో అని ఉన్నాయి. స్టాంపు లేదు, ఆ చోట చేత్తో "ఫ్రీ" అని రాశారు. ముద్రలో ఓడ పేరు లేదు, "యూ.ఎస్. నేవీ" అని మాత్రమే. తేదీ 1942 నవంబర్ 14. ఉత్తరం చదివి పంపనిచ్చిన అధికారి వేసే సెన్సార్ ముద్రలో ఇంకుతో పొడి అక్షరాలు (పేరులోని మొదటి అక్షరాలు). అమ్మినాయన కోరల్ సీలో (ఆస్ట్రేలియాకు ఈశాన్యాన ఉన్న సముద్రం) 1942 మేలో పోయిన చమురు ట్యాంకర్‌దే అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి?

జవాబు 1:
తేదీ దగ్గరే తేలిపోయిందండీ, ఇది ఆ ఓడది కాదు. ఆ ట్యాంకర్ ఏఓ-23 నియోషో (ఏఓ అంటే చమురు ఓడ, పక్కనున్నది దాని నంబరు) 1939 ఆగస్టు 7న అమెరికా నౌకాదళంలో చేరింది. 1942 మే 7న జపాన్ విమానాల దాడిలో ఏడు బాంబులు నేరుగా తగిలాయి, ఒక విమానం వచ్చి దాని మీదే కూలింది. తోడున్న డిస్ట్రాయర్ సిమ్స్ అదే రోజు మునిగింది. నియోషో మాత్రం నాలుగు రోజులు తేలుతూ కొట్టుకుపోయింది. మే 11న హెన్లీ అనే మరో డిస్ట్రాయర్ వచ్చి 123 మందిని ఎక్కించుకుని, ఓడను తానే ముంచేసింది. ఒళ్లంతా కాలుతున్నా ఆవిరి వాల్వులు మూసిన నియోషో నావికుడు ఆస్కర్ పీటర్సన్‌కు మరణానంతరం అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ దక్కింది.

అదే పేరు ఏఓ-48కి పెట్టి 1942 సెప్టెంబర్‌లో దళంలోకి తీసుకున్నారు. మీ కవరు దీనిదే అయ్యుండాలి. 1954లో వచ్చిన ఏఓ-143దీ అదే పేరు. కొనేటప్పుడు పేరు కాదు, నంబరు అడగండి.

జవాబు 2:
"ఫ్రీ" కూడా అదే చెబుతోంది. సైనికుల మామూలు ఉత్తరాలకు స్టాంపు అక్కర్లేకుండా పోయింది 1942 ఏప్రిల్ 1 నుంచి. అంటే ఏఓ-23 నుంచి "ఫ్రీ" కవరు రావడానికి ఉన్నది అయిదు వారాలే! అలాంటిది కనిపిస్తే ముందు అనుమానించండి, తర్వాత సంతోషించండి. ఎయిర్‌మెయిల్‌కు మాత్రం అప్పట్లో 6 సెంట్లు కట్టాల్సి వచ్చేది.

యుద్ధానికి ముందు ముద్ర వలయంలోనే ఓడ పేరు ఉండేది. యుద్ధంలోకి దిగాక గోప్యత కోసం తీసేశారు. అందుకే తర్వాతి కవర్లలో ఆధారం పంపినవాడి చిరునామా ఒక్కటే, కల్తీ జరిగేదీ అక్కడే. కవరును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని, ఓడ పేరు ఇంకూ "ఫ్రీ" ఇంకూ ఒకటేనా చూడండి. ముద్ర గీత మీద నుంచి చేతిరాత పోతే ఆ రాత తర్వాత చేర్చిందని అనుమానించాలి.

జవాబు 3:
చివరి పరీక్ష మనిషి పేరు. "ఎస్2సి" అంటే సీమన్ సెకండ్ క్లాస్. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఓడల మస్టర్ రోల్స్ (ఓడలో పనిచేసిన నావికుల జాబితాలు) ఉన్నాయి, రికార్డ్ గ్రూప్ 24. ఏఓ-48 రోల్‌లో 1942 చివరి త్రైమాసికం తీసి, పేరుతో పాటు ఆనాటి హోదా సరిపోతుందా చూడండి. పేరు కుదిరి హోదా కుదరకపోతే అదే నెలల మార్పుల జాబితా కూడా తిరగేయాలి. మస్టర్ రోల్స్‌లో అధికారులుండరు. సెన్సార్ పొడి అక్షరాలు ఎవరివో తెలియాలంటే డెక్ లాగ్‌లో (ఓడ రోజువారీ రికార్డు పుస్తకం) అధికారుల పేర్లు వెతకాలి.

ఈలోగా కవరును పీవీసీ తొడుగులో ఉంచొద్దు, పాలిస్టర్‌ది వాడండి. చిరుగుకు సెల్లో టేపు అసలొద్దు, దాని జిగురు కాగితంలోకి ఇంకితే ఇక పోదు.