21 పేక ముక్కల గారడీ ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న

సెలవులకు వచ్చిన మేనల్లుడికి చూపించాలని 21 ముక్కల గారడీ నేర్చుకున్నాను. మొదటి వరుసలో ఏడు ముక్కలు, తర్వాత రెండో వరుసలో ఏడు, ఆపై మూడో వరుసలో ఏడు పేరుస్తాను. వాడు మనసులో ఒక ముక్క తలచుకుని అది ఏ వరుసలో ఉందో చెబితే, ఆ వరుసను మిగిలిన రెండింటి నడుమ పెట్టి కట్ట కట్టి, మళ్లీ పేరుస్తాను. ఇలా మూడుసార్లు అయ్యాక పైనుంచి పదకొండో ముక్క వాడు తలచుకున్నదే కావాలి. నిన్న ఎనిమిది సార్లు చేస్తే ఒక్కసారే కుదిరింది. పొరపాటు ఎక్కడ జరుగుతోందో దయచేసి చెప్పగలరా?

జవాబు 1

పొరపాటు పంచడంలోనే ఉందండి. రెండోసారి, మూడోసారి అడిగినప్పుడు మీ మేనల్లుడు ప్రతిసారీ "నడిమి వరుస" అనే చెప్పి ఉంటాడు, గుర్తు చేసుకోండి. నడుమ పెట్టిన ఏడు ముక్కలూ మీ పద్ధతిలో తిరిగి నడిమి వరుసలోనే పడతాయి కనుక, మీరు ఎన్నిసార్లు అడిగినా కొత్త సమాచారం రాదు. ఏడింటిలో ఒకటి మాత్రమే పదకొండో స్థానంలో ఉంటుంది. పంక్తిలో మూడు విస్తళ్లకు వడ్డించినట్టు తలా ఒకటి చొప్పున పంచండి: మొదటి ముక్క మొదటి వరుసకు, రెండోది రెండో వరుసకు, మూడోది మూడో వరుసకు, నాలుగోది మళ్లీ మొదటి వరుసకు.

జవాబు 2

పై జవాబుకు లెక్క జోడిస్తాను. మొదటిసారి కట్ట కట్టాక ఆ ముక్క 8 నుంచి 14 లోపు ఎక్కడో ఉంటుంది. తలా ఒకటి చొప్పున పంచితే ఆ ఏడూ ఏ వరుసకు వెళ్లినా అందులో 3, 4, 5 స్థానాలలోనే పడతాయి. అందువల్ల రెండోసారి కట్టాక అది 10, 11, 12 స్థానాలలో ఏదో ఒకటి అవుతుంది. మూడోసారి పంచినప్పుడు ఈ మూడూ మూడు వరుసలకు విడిపోయి, ఒక్కొక్కటీ తన వరుసలో నాలుగోదవుతుంది. దాని మీద మరో ఏడు ముక్కలు చేరితే పదకొండు. 21లో 11 నట్టనడుమ ఉంటుంది కనుక కట్టను తిరగేసి లెక్కపెట్టినా ఫలితం మారదు. ఫ్రెంచి గణితజ్ఞుడు జెర్గోన్ 19వ శతాబ్దంలో ఇదే సూత్రాన్ని 27 ముక్కలతో పరిశీలించాడు. అక్కడ చూపిన కుప్పను పైనా, నడుమా, కిందా ఎప్పుడెక్కడ పెట్టాలో లెక్క తెలిస్తే ముక్కను కోరిన స్థానానికి చేర్చవచ్చు.

జవాబు 3

పదకొండు లెక్కపెట్టి తీయడం నాకు అంతగా నచ్చదు, ఎందుకంటే చురుకైన పిల్లలు రెండోసారికే ఆ అంకెను పట్టేస్తారు. మూడోసారి వాడు వరుస చూపగానే అందులో నాలుగో ముక్కను, అది ఇస్పేటు రాణి అయినా కళావరు ఆసు అయినా, ఒక్క చూపులో గుర్తుపెట్టుకుని, కట్టను వాడి చేతికే ఇచ్చి ఎంతసేపైనా కలపమనండి. తర్వాత ముక్కలను బోర్లించకుండా పరిచి, కాస్త తటపటాయిస్తున్నట్టు నటించి, దానిపై వేలు పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

నిజమే, వాడు ప్రతిసారీ నడిమి వరుసే చూపాడు! ఈ ఉదయం నాలుగుసార్లు చేస్తే నాలుగూ కుదిరాయి. వాడి చేతులు చిన్నవి కనుక, తనే చేసి చూపడానికి తక్కువ ముక్కలు చాలవా?

జవాబు 2 రాసినవారు

15 చాలండి. అయిదేసి చొప్పున మూడు వరుసలు, పంచడం మూడుసార్లే. ముక్క ఎనిమిదో స్థానంలో ఉంటుంది.