ఓమ్నీ క్యాంపర్: ట్యాంకు నింపితేనే పెట్రోలు కారుతోంది

గుణదల ఓమ్నీ:
నాది 2004 మోడల్ పెట్రోల్ ఓమ్నీ. వెనక సీట్లు తీయించి మంచం, చిన్న గ్యాస్ పొయ్యి పెట్టించాను. సూర్యలంక, నాగార్జునసాగర్ అలా కుటుంబంతో తిరుగుతుంటాం. ఎండలు మొదలైనప్పటి నుంచి ఒకటే బాధ. ఫుల్ ట్యాంకు కొట్టించి ఎండలో ఆపితే కింద చుక్కలు పడుతున్నాయి, లోపలంతా వాసన. సగానికి దిగితే మళ్ళీ ఏమీ ఉండదు. మా దగ్గర వెల్డింగ్ షాపాయన "ట్యాంకు తుప్పు పట్టింది, విప్పక్కర్లేదు, కింద దూరి వెల్డింగ్ పెట్టేస్తా" అంటున్నాడు. పిల్లలు పడుకునే బండి, టెన్షన్‌గా ఉంది. ఆటోనగర్‌కి తీసుకెళ్తే ఏం చెప్పి చేయించుకోవాలి?

తెనాలి ట్రావెల్స్:
దారిలో ఆగిపోతే బట్టల సబ్బు నీళ్ళు తగలకుండా మెత్తగా పిసికి చిల్లు మీద అదమండి. సబ్బు పెట్రోల్లో కరగదు, ఇంటికి చేరేదాకా ఆగుతుంది. ఎం-సీల్ కూడా తాత్కాలికమే. తడి మీద అసలు పట్టదు.

ఆటోనగర్ పెద్దాయన:
తమ్ముడూ, ఆ వెల్డింగ్ ఆలోచన వదిలేయండి. నేను రేడియేటర్లు, ట్యాంకుల పనిలోనే పెద్దవాణ్ణయ్యాను. పేలేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. అందుకే ఖాళీ ట్యాంకంటేనే మాకు ఎక్కువ భయం. ఆ ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోదు, బండి నేల మీదే పరుచుకుంటుంది. మీ పొయ్యి ఉన్నది కూడా అక్కడే. ముందు సిలిండర్ దించేయండి, పని పూర్తయ్యేదాకా బండిలో అగ్గిపుల్ల గీయొద్దు.

నింపితేనే కారుతోందంటే చిల్లు అడుగున లేదు, పైభాగంలో ఉంది. పెట్రోలు నింపే రబ్బరు పైపు, ట్యాంకులోని గాలి బయటికి పోయే గాలి పైపు, పెట్రోలు ఎంతుందో మీటరుకి చెప్పే ఫ్లోట్ కింద వాషరు, ఈ మూడే చూడాలి. బంకులో పెట్రోలు భూమిలోపలి ట్యాంకు నుంచి చల్లగా వస్తుంది. 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1 శాతం ఉబ్బుతుంది. మన బెజవాడ ఎండలో మూతదాకా నింపితే అది ఎటు పోతుంది? పైగా ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరుకి అది పడదు.

పొద్దున్నే ఎండెక్కకముందు, ఆరుబయట, బ్యాటరీ వైరు తీసేసి చూడండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి. పైపులన్నీ గుడ్డతో పొడిగా తుడిచి సుద్దపొడి రాయండి. ఎక్కడ తడిసి రంగు మారితే అక్కడే లీకు. క్లిప్పు దగ్గర పైపుని వేలితో కొంచెం వంచి చూడండి. పాత రబ్బరైతే క్లిప్పు అంచు వెంట వెంట్రుకల్లాంటి పగుళ్ళు విచ్చుకుంటాయి.

ఒకవేళ ట్యాంకే పోయుంటే అది ట్యాంకుని పట్టి ఉంచే ఇనప పట్టీ కిందే పోతుంది, బురద తడి అక్కడ ఆరదు. అప్పుడు ట్యాంకు విప్పించాల్సిందే. వేడినీళ్ళు, సర్ఫుతో వాసన పోయేదాకా కడిగి, చిల్లు కిందివరకు నీళ్ళు నింపాకే చిల్లుకి మాటు (అతుకు) వేయాలి. ఇవన్నీ మీ ఎదురుగా చేస్తానన్నవాడికే ఇవ్వండి. తర్వాత 2 పీఎస్ఐ (టైర్ల గాలి కొలిచే లెక్కే) గాలి పెట్టి సబ్బు నురగతో చూస్తే చాలు. కంప్రెసర్ గన్ను నేరుగా పెట్టనివ్వొద్దు, ట్యాంకు ఉబ్బిపోతుంది.

గుణదల ఓమ్నీ:
పెద్దాయనా, సిలిండర్ దించేశాను. సుద్ద రాసి చూస్తే నింపే పైపు కింది క్లిప్పు దగ్గర తడిసింది. ట్యాంకు పొడిగానే ఉంది! క్లిప్పు బిగిస్తే సరిపోతుందా?

ఆటోనగర్ పెద్దాయన:
బిగించొద్దు, పగిలిన రబ్బరు ఇంకా తెగుతుంది. పైపు మార్చేయండి. షాపులో రేడియేటర్ పైపు అంటగడతారేమో చూసుకోండి, అది పెట్రోలుకి మెత్తబడిపోతుంది. పెట్రోలు పైపే, ఇథనాల్‌కి ఆగేది అడగండి. సైజు తేడా రాకుండా పాత ముక్క వెంట తీసుకెళ్ళండి. గాలి పైపు కూడా అదే వయసుది కాబట్టి రెండూ ఒకేసారి మార్పించండి. ఇకమీదట బంకులో గన్ను టక్కున ఆగగానే చాలనండి.