కీబోర్డులోనే కంప్యూటర్: రోజూ వాడుకోవడానికి పనికొస్తుందా?

ప్రశ్న:
నాది అనువాదం పని. రోజంతా టైపింగ్, మెయిల్, బ్రౌజర్లో ఓ పది ట్యాబ్‌లు, అంతే. ఇంట్లో ఒక మానిటర్, ఆఫీసులో ఒక మానిటర్ ఉన్నాయి. రెంటి మధ్యా రోజూ ల్యాప్‌టాప్ మోస్తున్నాను గానీ, ఎక్కడికెళ్లినా మానిటర్‌కే తగిలిస్తాను, దాని తెర చూసేదే లేదు. అందుకని కీబోర్డులోనే కంప్యూటర్ ఇమిడి ఉండే రాస్ప్‌బెర్రీ పై 400 లాంటిది కొందామనుంది. చూస్తే బొమ్మలా ఉంది. స్పెక్స్ నేనూ చదివాను. వాడినవాళ్లు వాడకం ఎలా ఉందో చెప్పండి చాలు.

జవాబు:
ఇదేం కొత్త కాదండీ. 1982లో వచ్చిన కమొడోర్ 64, జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కూడా ఇంతే. కీబోర్డే కంప్యూటర్, తెరకి టీవీ. నన్నడిగితే మీకు ల్యాప్‌టాపే నయం, మోత ఒక్కటే కదా.

జవాబు:
పై 400 నా దగ్గర రెండేళ్ల నుంచి ఉంది. నాదీ రాత పనే. ముందు మంచి చెప్తాను. ఫ్యాన్ లేదు, లోపల కీబోర్డు వెడల్పున పరిచిన రేకే వేడిని లాగేస్తుంది. రాత్రిపూట రాసుకుంటుంటే మీటల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. బరువు అరకిలో కూడా లేదు.

ఇక తిప్పలు. తెచ్చిన రోజే నా దగ్గరున్న కేబుల్ పట్టలేదు, దీనికి మైక్రో హెచ్‌డీఎంఐ కావాలి. హెడ్‌ఫోన్ జాక్ లేదు, నా మానిటర్‌కి స్పీకర్లు లేవు, కాబట్టి బ్లూటూతే గతి. వైర్లన్నీ కీబోర్డు వెనక నుంచే వస్తాయి. ఒళ్లో పెట్టుకుని టైప్ చేసే అలవాటు నాది. మొదటి వారంలోనే పవర్ వైరు ఊడింది. బ్యాటరీ ఉండదు కదా, టక్కున ఆరిపోయింది. మెమరీ కార్డు పాడై మళ్లీ బూట్ కాలేదు. అన్నీ మొదట్నుంచీ ఎక్కించుకున్నాను. తర్వాత యూఎస్‌బీకి ఎస్‌ఎస్‌డీ (కార్డు కంటే వేగంగా నడిచే డ్రైవ్) తగిలించి దాన్నుంచే నడిపిస్తున్నాను. వేగం బాగా పెరిగింది, వెనక ఇంకో వైరూ పెరిగింది.

వీటన్నిటికంటే పెద్దది నీళ్ల సంగతి. ఓ రోజు గ్లాసు ఒలికింది. మామూలు కీబోర్డయితే పోతే పోయిందనుకుంటాం. ఇక్కడ పడింది కంప్యూటర్ మీద! వైర్లు పీకి, బోర్లించి, రెండు రోజులు ముట్టుకోలేదు. బతికింది. ఎంటర్ మీట మాత్రం కుడివైపు నొక్కితేనే పలికేది, తర్వాత స్పేస్ బారూ అదే దారి పట్టింది. ఇప్పుడు దానికి వేరే కీబోర్డు తగిలించి వాడుతున్నాను. కీబోర్డులో కంప్యూటర్, దానికి మళ్లీ ఓ కీబోర్డు. మా అబ్బాయి నవ్వని రోజు లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇంతకీ కొనమంటారా, వద్దంటారా? పది ట్యాబ్‌లకి 400లో ఉండే 4 జీబీ ర్యామ్ చాలుతుందా?

జవాబు:
కొనండి, 400 మాత్రం వద్దు. నాకైతే ఆరేడు ట్యాబ్‌లు దాటితే నత్తనడకే. 2024 చివర్లో వచ్చిన 500లో 8 జీబీ ఉంది. 2025లో వచ్చిన 500 ప్లస్‌లో అయితే 16 జీబీ, పైగా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ లోపలే ఉంటుంది. నాకున్న అదనపు వైరు పీడ మీకుండదు. మీటలు కూడా మెకానికల్, చేతికి హాయిగా ఉంటాయి. జాక్ మాత్రం వాటిలోనూ లేదు.

కొనేముందు ఒకటి చూసుకోండి. వీటిల్లో ఉండేది ఫోన్లలో వాడే తరహా ఏఆర్‌ఎం చిప్, నడిచేది విండోస్ కాదు, లినక్స్. మీ అనువాదం సాఫ్ట్‌వేర్ బ్రౌజర్లో నడిచేదైతే చింత లేదు. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసుకునేదైతే దీని మీద పెట్టుకుని పని జరుపుకోవచ్చన్న ఆశ వదులుకోండి. ఇంకోటి, పవర్ అడాప్టర్, కేబుల్, మౌస్ రెండు చోట్లా ఒక్కో సెట్ ఉంచేయండి. రోజూ అవన్నీ సంచిలో వేసుకు తిరిగితే మీ మోత ఏం తగ్గినట్టు?

ప్రశ్న అడిగినవారు:
చిక్కంతా అక్కడే ఉంది, నాది విండోస్ సాఫ్ట్‌వేరే. బ్రౌజర్లో వాడుకునే వెర్షన్ ఉందేమో రేపు మా వాళ్లని అడుగుతాను. అన్నట్టు, నా మంచినీళ్ల గ్లాసు కీబోర్డు పక్కనే ఉండేది. మీ కథ చదివి ఇప్పుడే కిటికీలోకి మార్చాను.